మన పత్రికను మనమే నడుపుకుందాం



ప్రతి సంవత్సరం వార్షికోత్సవానికి మనం ఒక సంచిక వేసుకుంటున్నాం. మరి మిగిలిన పదకొండు నెలలు మన సంగతులు ఎవరు రాస్తారు? పెద్ద పత్రికల్లో మన హాస్టల్ పేరు ఏదైనా ప్రమాదం జరిగితే తప్ప రాదు. కాబట్టి మన వార్త మనమే రాసుకోవాలి. జీతం లేకుండా, ఇష్టపడిన వారంతా కలిసి ఒక చిన్న పత్రికను ఎలా నడపవచ్చో నాకు తెలిసినంతలో చెబుతాను.

మనకంటే ముందు నడిచినవారు

డాక్టర్ అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' అనే మరాఠీ పక్షపత్రిక ప్రారంభించారు. మూగవారి నాయకుడు అని దాని అర్థం. కొల్హాపూర్ పాలకుడు సాహు మహారాజ్ అందుకు రూ. 2,500 సాయం చేశారు. అయినా 1923 నాటికి అది ఆగిపోయింది. 1927లో 'బహిష్కృత్ భారత్' పెట్టినప్పుడు డబ్బు చాలక, రాసేవారు లేక, చాలా భాగం ఆయనే రాయవలసి వచ్చింది. అదీ 1929లో ఆగింది. అంతటి మేధావికే ఒంటి చేత్తో పత్రిక నడపడం కష్టమైందంటే, మనం పని పంచుకోక తప్పదని తెలుస్తోంది. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పక్షపత్రిక స్థాపించారు.

ఢిల్లీలో వీధి బాలలు, పనిచేసే పిల్లలు 2003లో 'బాలక్‌నామా' ప్రారంభించారు. చేతనా అనే స్వచ్ఛంద సంస్థ వారికి అండగా నిలిచింది. అందులో రాయడం రాని పిల్లలు కూడా విలేకరులే. వారు నోటితో చెబితే, రాయడం వచ్చినవారు రాస్తారు. కాబట్టి "నాకు అక్షర దోషాలు వస్తాయి" అని ఎవరూ వెనక్కి తగ్గనక్కరలేదు.

పని పంపకం

మొదట గోడ పత్రికతో మొదలుపెట్టండి. ఒక డ్రాయింగ్ చార్టు, రెండు స్కెచ్ పెన్నులు చాలు. అలవాటయ్యాక ఎ3 కాగితాన్ని మధ్యకు మడిచి, 4 పేజీలుగా రాసి జిరాక్సు తీయవచ్చు. వార్తలు తెచ్చేవారు, సరిచూసేవారు, అందంగా రాసేవారు, డబ్బు లెక్క చూసేవారు అని నాలుగు పనులు విడదీయండి. ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి. ఒకరు పదవ తరగతి, ఒకరు ఎనిమిదో తరగతి. అప్పుడే పెద్దవాళ్లు వెళ్లిపోయినా పత్రిక ఆగదు. తేదీ మాత్రం మారకూడదు. నెలలో మొదటి ఆదివారం అనుకుంటే వార్తలు తక్కువైనా ఆ రోజే రావాలి. ఒక నెల వాయిదా పడితే మూడో నెలకు అందరూ మరచిపోతారు.

నిజమే రాయాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా గోడ పత్రికలో "వంట చేసే ఆయమ్మ రోజూ గిన్నెతో పప్పు ఇంటికి తీసుకెళుతోంది" అని రాశాం. ఒకడు చూశానన్నాడు, మేము నమ్మాం. నిజానికి ఆ గిన్నెలో ఉన్నది ఆమె గేదెకు పోసే కుడితి. ఆమె చార్టు ముందు నిలబడి, ఎవరితోనో చదివించుకుని, "నన్నొక్క మాట అడిగితే పోయేది కదా నాయనా" అంది. మేము తలెత్తలేకపోయాం. మరుసటి సంచికలో అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో తప్పు ఒప్పుకుని క్షమాపణ రాశాం. అయినా చాలా రోజులు ఆమె మాతో మాట్లాడలేదు.

అప్పటి నుంచి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. చెప్పినవాడు స్వయంగా చూశాడా? ఇంకొకరు కూడా అదే చెబుతున్నారా? ఎవరి గురించి రాస్తున్నామో వారిని అడిగామా?

అలాగని భయపడి నిజాన్ని దాచకూడదు. "మాకు నీళ్లు రావడం లేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఈ నెల 3 నుంచి 9వ తేదీ వరకు 4 రోజులు కుళాయి రాలేదు" అని లెక్కతో రాస్తే కాదనడం ఎవరికీ వీలుకాదు. వార్డెన్ సారు ఏమన్నారో అదీ పక్కనే రాయాలి. మోటారు బాగుపడితే ఆ వార్త కూడా వేయాలి.

మిత్రులారా, రేపు మీరు ఏ ఉద్యోగం చేసినా, విని, విచారించి, రాసే ఈ అలవాటు మీ వెంట వస్తుంది. వచ్చే వార్షికోత్సవం నాటికి మన గోడ మీద పది సంచికలు పూర్తి కావాలని కోరుకుంటూ...

మీ పూర్వ విద్యార్థి