మెట్ల కొండల్లో మళ్ళీ దొరికిన గుడ్లగూబ

సూరత్ నగరంలో పర్వత్ పాటియా అనే ప్రాంతం ఉంది. మరమగ్గాల పనికోసం వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడా, ఆ చుట్టుపక్కలా చాలా ఉన్నాయి. పేరులో పర్వతం ఉందే గాని అక్కడ కొండ కనిపించదు. తాపీ నది తెచ్చి పరచిన ఒండ్రుమట్టి మీద వెలసిన చదును నేల అది. మరి కొండలు ఎక్కడున్నాయి? సెలవులకు ఊరికి వచ్చేటప్పుడు మీరు ఎక్కే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి చూడండి. వ్యారా దాటాక కుడివైపు, అంటే దక్షిణాన, డాంగ్ జిల్లా కొండలుంటాయి. అవి సహ్యాద్రి ఉత్తరపు కొస. నందుర్‌బార్ దగ్గర ఎడమవైపు, తాపీ నదికి ఆవల, సాత్పురా శ్రేణి ఉంటుంది.

కొండకు మెట్లెందుకు?

ఈ కొండల పక్కలు మెట్లు మెట్లుగా, తలలు బల్లపరుపుగా ఉంటాయి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుంచి లావా పొంగి, పొర మీద పొరగా గట్టిపడింది. అదే బసాల్టు శిల. గట్టి పొర నిలిచి, మెత్తని పొర కోసుకుపోవడం వల్ల మెట్లు ఏర్పడ్డాయి. భూవిజ్ఞానులు వీటిని ‘దక్కను ట్రాప్స్’ అంటారు. ‘ట్రాప్’ అనే మాటకు మూలం మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ పదమే. ఇది మనకు పరాయి రాయి కాదు. ఆదిలాబాదులోనూ, రాజమండ్రి దగ్గరా ఆ కాలపు లావా శిలలున్నాయి.

నది ఇలాంటి మెట్టు మీది నుంచి దూకితే జలపాతం అవుతుంది. వఘయి దగ్గరి గిరా జలపాతాన్ని వానాకాలంలో చూస్తే ఈ సంగతి చక్కగా బోధపడుతుంది. ఇంకా పైకి వెళితే, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, సాపుతారా వేసవి విడిది వస్తుంది.

వాన, అడవి

అరేబియా సముద్రం మీది తేమగాలి ఈ కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి వర్షిస్తుంది. అందుకే డాంగ్‌లో ఏడాదికి 2000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కొండలకు తూర్పున ఉన్న ధూలేలో అందులో సగం కూడా పడదు. ఈ వానే టేకు, వెదురు అడవులను పోషిస్తోంది. 1979లో వాంస్‌దా జాతీయ ఉద్యానవనం, 1990లో పూర్ణా అభయారణ్యం ఏర్పడ్డాయి. చిరుతపులి, నాలుగు కొమ్ముల చౌసింగా ఇక్కడి వన్యప్రాణుల్లో ముఖ్యమైనవి. పులి మాత్రం 20వ శతాబ్దం ముగిసేలోగా ఈ అడవుల్లో కనుమరుగైంది.

దొంగ చీటీ కథ

ఈ ప్రాంతపు అసలు వింత ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ. 1884 తర్వాత అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. అయితే 1914లో సూరత్ దగ్గరి మాండ్వీలో దొరికిందంటూ రిచర్డ్ మైనర్ట్‌జాగన్ సేకరణలో ఒక నమూనా ఉండేది. పమేలా రాస్ముస్సెన్ తదితరులు దాన్ని నిశితంగా పరీక్షించారు. అది 1880లలో జేమ్స్ డేవిడ్సన్ సేకరించినది! మ్యూజియం నుంచి దొంగిలించి, కొత్త చీటీ తగిలించారన్నమాట. తప్పుడు చీటీని పక్కనబెట్టి, నిజమైన నమూనాలు దొరికిన చోట్ల వెతికారు. 1997 నవంబరులో, నందుర్‌బార్‌కు ఈశాన్యాన ఉన్న షహాదా దగ్గర, పట్టపగలే ఆకులు లేని కొమ్మ మీద ఆ పక్షి కనిపించింది! 113 ఏళ్ళ విరామం అలా ముగిసింది. తరువాత పూర్ణా అడవుల్లోనూ దాన్ని గుర్తించారు.

ఊళ్ళల్లో తిరిగే పైడికంటె పిట్టకు తల నిండా తెల్ల చుక్కలుంటాయి. దీని తల మీద చుక్కలు దాదాపు కనబడవు. తొండలు, ఎలుకలు, పురుగులు దీని ఆహారం. ముదురు చెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. లేత టేకు మొక్క ఎంత ఏపుగా పెరిగినా దానికి తొర్ర ఉండదు. పాత చెట్టును కొట్టి పది మొక్కలు నాటినా, ఆ గుడ్లగూబకు ఇల్లు దొరకడానికి దశాబ్దాలు పడుతుంది.

ఈసారి ఆ దారిన వెళ్ళేటప్పుడు ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఏ పక్షిని, ఏ తేదీన, ఎక్కడ చూశారో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒక తప్పుడు చీటీ ఎంత దారి తప్పించగలదో తెలిసింది కదా! నిజమైన చీటీ విలువ కూడా అంతటిదే.