108లో వచ్చేది బండి ఒక్కటే కాదు



108 అనగానే మనకు కుయ్ కుయ్ మంటూ వచ్చే బండి గుర్తొస్తుంది. ఆ బండిలో రోగి పక్కన కూర్చునే మనిషిని మాత్రం మనం అంతగా పట్టించుకోము. ఆ మనిషి చేసే పని గురించి, ఆ పనికి దక్కవలసిన గుర్తింపు గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈఎమ్ఆర్ఐ ద్వారా మొదలయ్యాయి. అంతకుముందు అంబులెన్సు అంటే ఎక్కువగా రోగిని మోసుకెళ్లే వాహనమే. 108 వచ్చాక బండిలో ఇద్దరు ఉంటున్నారు. నడిపేవారు పైలట్, వైద్యం చూసేవారు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంటే ఈఎమ్‌టీ. ఆక్సిజన్ పెట్టడం, రక్తం ఆపడం, విరిగిన ఎముక కదలకుండా కట్టడం, దారిలో కాన్పు వస్తే బిడ్డను అందుకోవడం ఈఎమ్‌టీ పనులే. గుండె ఆగినవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కేదీ వీరే. అంటే వైద్యం ఆసుపత్రి గేటు దగ్గర కాదు, మన గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

అయితే మన కోనసీమలో ఆ గుమ్మం దాకా రావడమే కష్టం. ఒకపక్క గౌతమి, ఒకపక్క వశిష్ఠ, నడుమ వైనతేయ. 2002లో ఎదుర్లంక–యానాం వారధి వచ్చాక అమలాపురం నుంచి కాకినాడకు దారి దగ్గరయింది. కానీ వంతెన లేని లంకకు బండి రాలేదు, రేవు దగ్గరే ఆగిపోతుంది. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకవాసులకు పడవే దిక్కయింది.

కాబట్టి ఈఎమ్‌టీ చేరేలోపు మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఫోనులో ఊరి పేరుతో పాటు పేట పేరు, దగ్గరి గుడో చర్చో చెప్పాలి. లంక అయితే రోగిని ఏ రేవుకు తెస్తున్నామో చెప్పాలి. ఒకరు రోడ్డు మీద నిలబడాలి. కొబ్బరి చెట్టు మీద నుంచి దింపు కార్మికుడు పడిపోతే కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకూడదు, మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టకూడదు. వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ కుదుపుకే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి కదలనివ్వకూడదు. పడవ ఎక్కించక తప్పదంటే బల్లచెక్క మీద నలుగురూ ఒక్కసారిగా ఎత్తాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా తాడు బిగించడం ప్రమాదం. కరిచిన చోటు కదలకుండా చూసి, నడిపించకుండా, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

ఇక గుర్తింపు సంగతి. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో అత్యవసర పారామెడిక్ వృత్తికి చోటు దొరికింది. చట్టంలో పేరు ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. నిర్వహణ సంస్థ మారినప్పుడల్లా బకాయిలు ఎవరిస్తారు, ఉద్యోగం ఉంటుందా అనే దిగులు సిబ్బందిని వెంటాడుతూనే ఉంది. ప్రాణం నిలిపే మనిషికి నెల జీతం మీద నమ్మకం లేకపోవడం న్యాయమా?

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరపు నల్లజాతి పేటల్లో ఒకప్పుడు రోగులను పోలీసు వ్యానులోనే తరలించేవారు. 1967లో అక్కడ ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ పుట్టింది. ఎందుకూ పనికిరారని లోకం పక్కన పెట్టిన నల్లజాతి యువకులకు డాక్టర్ పీటర్ సఫార్ శిక్షణ రూపొందించారు. ఆ దేశపు తొలి పారామెడిక్‌లలో వారున్నారు. 1975లో నగర ప్రభుత్వం సొంత సేవ పెట్టుకోగానే ఫ్రీడమ్ హౌస్ మూతపడింది. దారి వేసినవారిలో చాలామంది కొత్త వ్యవస్థలో నిలవలేకపోయారు. మా ఇళ్లలో మేమే మొదటి పట్టభద్రులం. అందుకే ఈ చరిత్ర చదివినప్పుడు మాకు పరాయి దేశం కథ అనిపించలేదు. పని నేర్చుకుంటే సరిపోదు, ఆ పనికి పట్టా, హక్కు కూడా సంపాదించుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటర్ తర్వాత ఈ దారిలో వెళ్లాలనుకుంటే ముందు ఆ కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. తర్వాతే ఫీజు కట్టండి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు దింపుకు వెళ్లే నాన్నకూ మామయ్యకూ పైన రాసిన జాగ్రత్తలు చదివి వినిపించండి.