ప్రయోగశాలకూ పొలానికీ నడుమ ఎవరున్నారు?

మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతులు సొంతంగా నారుమడి పోసుకోవడం చాలావరకు మానేశారు. నర్సరీకి పోయి ఫలానా రకం, ఇన్ని వేల మొక్కలని చెప్పి అడ్వాన్సు ఇచ్చి వస్తారు. మూడు నాలుగు వారాలకు నారు ట్రేలు బండెక్కుతాయి. ట్రేలో గుంతకొక మొక్క. గుంతలో మట్టి ఉండదు, కొబ్బరి పొట్టు ఉంటుంది. చుట్టూ తెల్లదోమ దూరలేని సన్న వల. పీకేటప్పుడు వేరు తెగకుండా పొట్టు ముద్దతో సహా మొక్క చేతికొస్తుంది కాబట్టి నాటాక వాడిపోదు. లేత వయసులో దోమ కుట్టకపోవడంతో ఆకుముడత వైరస్ బెడద ఆలస్యమవుతుంది. హైబ్రిడ్ విత్తనం ధర చూస్తే, గింజ వృథా కాకపోవడం కూడా చిన్న లాభం కాదు.

ఈ పద్ధతిని మన వాతావరణానికి, మన రైతు ఖర్చుకు తగ్గట్టు మలిచి ప్రచారం చేసినవి బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ లాంటి ప్రభుత్వ సంస్థలు. పల్లెపల్లెకూ చేర్చింది మాత్రం నర్సరీల వాళ్లు. అది వాళ్ల బతుకుదెరువు కాబట్టి చేర్చారు. విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో పుట్టిన పరిజ్ఞానం వ్యాపారంలోకి ఎలా వస్తుందో తెలుసుకోవాలనుకునేవారు ముందు ఈ ట్రేను చూడాలి.

ఇదే ప్రయాణం కాగితం మీద వేరేగా కనిపిస్తుంది. శాస్త్రవేత్త కొత్తది కనిపెడతాడు. దాని మీద హక్కు ఆయన పనిచేసే సంస్థ పేర నమోదవుతుంది. కంపెనీ వచ్చి రుసుము కట్టి లైసెన్సు తీసుకుంటుంది, అమ్మకాల మీద కొంత రాయల్టీ ఇస్తుంది. అమెరికాలో 1980లో వచ్చిన బే-డోల్ చట్టం, ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన మీద హక్కును విశ్వవిద్యాలయాలే ఉంచుకునే వీలు కల్పించింది. మన దగ్గర అలాంటి బిల్లును 2008లో రాజ్యసభలో పెట్టి, 2014లో వెనక్కి తీసుకున్నారు. అందుకే ఇక్కడ ఏ సంస్థ నియమాలు ఆ సంస్థవే. భారత వ్యవసాయ పరిశోధన మండలి తన పరిజ్ఞానాన్ని కంపెనీలకు అందించడానికి 2011లో అగ్రినొవేట్ ఇండియా అనే సంస్థను పెట్టుకుంది. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా హెసరఘట్టలో తయారైన అర్క రక్షక్ టమాటా హైబ్రిడ్ కూడా విత్తన కంపెనీలకు లైసెన్సుల మీదే వెళ్లింది.

2021లో విద్యాసంస్థలకు పేటెంటు రుసుములు 80 శాతం తగ్గించారు. మంచి పనే. కళాశాలల ర్యాంకుల లెక్కలోనూ పేటెంట్లకు చోటుంది. అయితే ర్యాంకు కోసం వేసిన పేటెంటు బీరువా దాటదు. దాన్ని వాడుకోగల చిన్న వ్యాపారికి అదొకటి ఉందని తెలియదు. తెలిసి కళాశాలకు వచ్చినా, అతని అవసరం విని సరైన ఆచార్యుడి దగ్గరకు తీసుకెళ్లే ఉద్యోగి చాలాచోట్ల ఉండడు.

కుప్పంలో కొత్త పరిజ్ఞానాన్ని తెచ్చింది నేరుగా ప్రభుత్వమే. 1990ల రెండో సగంలో, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా, ఒక ఇజ్రాయెల్ సంస్థ సాంకేతిక సాయంతో ఆయన సొంత నియోజకవర్గంలో ప్రదర్శన క్షేత్రం పెట్టారు. చిన్న కమతాలను కలిపి, డ్రిప్పు పైపులు పరిచి, నీళ్లతోపాటే ఎరువు కరిగించి మొక్క మొదట్లోకి పంపారు. దిగుబడి బాగా పెరిగింది. విమర్శలూ వచ్చాయి. ఇంత పెట్టుబడి చిన్న రైతు మోయగలడా, బోర్లు తట్టుకుంటాయా, కంపెనీ వెళ్లిపోతే నడిపేదెవరు అని అడిగారు. అవి న్యాయమైన ప్రశ్నలే. ఆ క్షేత్రం ఆ రూపంలో ఊరూరా పాకలేదు.

డ్రిప్పు మాత్రం నిలిచింది. 2003 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల ప్రాజెక్టు మొదలైంది. కేంద్రం ఇలాంటి పథకం తెచ్చింది 2006లో. చిన్న రైతుకు రాయితీ 90 శాతం దాకా పెరగడంతో పైపులు పొలాల్లోకి వచ్చాయి. అయితే వచ్చిన పైపులు పొలంలో నిలవాలంటే రాయితీ ఒక్కటే చాలదు.

డ్రిప్పు చెడిపోయేది ఎక్కువగా చుక్క పడే చోటే. గంటకు రెండో నాలుగో లీటర్లు వదిలే డ్రిప్పరులో నీటిదారి చాలా సన్నం. లోతు బోర్ల నీళ్లలోని సున్నం అక్కడ పేరుకుంటుంది. ఫిల్టరు కడగకపోతే ఇసుక, నాచు తోడవుతాయి. సాలు కొసన మొక్కలు వాడిపోయేదాకా రైతుకు సంగతి తెలియదు. అప్పుడు చేయాల్సినవి చిన్న పనులే. లేటరల్ పైపు కొస మడత విప్పి నీళ్లు ధారగా వదలాలి. కొలత ప్రకారం ఆమ్లం కలిపి పంపి సున్నం కరిగించాలి. ఎరువును నీళ్లలోకి పీల్చే వెంచురి పనిచేయకపోతే గేటు వాల్వు కొంచెం మూసి ఒత్తిడిలో తేడా తేవాలి. ఇవి తెలిసిన మెకానిక్కు ఫోను చేస్తే వచ్చేంత దూరంలో ఉంటే డ్రిప్పు పనిచేస్తుంది. లేకపోతే పైపులు చుట్టలు చుట్టి గట్టు మీద పడేస్తారు. ఆ మెకానిక్కు ఏ పేటెంటూ లేదు, ఏ అవగాహన ఒప్పందంలోనూ పేరుండదు. ఇజ్రాయెల్ ఎడారిలో రూపుదిద్దుకున్న పద్ధతిని కుప్పం పొలంలో నిలబెట్టింది ఆయనే.

పట్టుపురుగుల పెంపకంలో ఈ నడిమి మెట్టును ప్రభుత్వ సంస్థలు తెలిసి కట్టాయి. అందుకే దాన్ని వివరంగా చూడాలి. మదనపల్లె, పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో మల్బరీ పాత పంట. 1991 నుంచి జపాన్ సహకార సంస్థ జైకా సాయంతో మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ మన ఎండలను తట్టుకునే బైవోల్టిన్ పట్టుపురుగు హైబ్రిడ్లను తయారుచేసింది. వీ-1 మల్బరీ రకమూ అక్కడిదే. బైవోల్టిన్ గూడు తెల్లగా ఉంటుంది, పట్టు నాణ్యత ఎక్కువ. కానీ చిన్న పురుగు మహా సుకుమారం. మొదటి రెండు జ్వరాలు, అంటే కుబుసం విడిచే దశలు, దాటేదాకా 26 నుంచి 28 డిగ్రీల వేడి, 85 శాతానికి పైగా తేమ, లేత ఆకు కావాలి. రేకుల షెడ్డున్న రైతుకు ఇది సాధ్యం కాదు. అందుకని ఆ వారం పది రోజుల పనిని విడదీసి చాకీ కేంద్రాలకు అప్పగించారు. గుడ్లు తెచ్చి, పొదిగించి, రెండో జ్వరం దాటిన పురుగులను రైతుకు అమ్మడమే ఆ కేంద్రం వ్యాపారం. శిక్షణ పరిశోధన సంస్థది, షెడ్డుకూ పరికరాలకూ సాయం ప్రభుత్వానిది, లాభనష్టాలు కేంద్రం నడిపే మనిషివి. కష్టమైన భాగాన్ని నేర్చినవారి చేతిలో పెట్టి, దానికి ధర కట్టారు. నాకు తెలిసిన పరిజ్ఞాన బదిలీల్లో ఇంత తెలివైన ఏర్పాటు అరుదు.

పుంగనూరు ఆవు విషయంలో ఇలాంటి మెట్టు లేని లోటు కనబడుతుంది. సుమారు మూడడుగుల ఎత్తుండే ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుతూ వచ్చింది. 2005లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి ఆ కేంద్రం వచ్చింది. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని వల్లే జాతి మిగిలింది. ఒక ఆవు ఏడాదికి ఒక దూడనే ఇస్తుంది కనుక, అండాలు సేకరించి ప్రయోగశాలలో ఫలదీకరించి వేరే జాతి ఆవు గర్భంలో పెట్టే పద్ధతినీ చేపట్టారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన చిత్రాలు వచ్చాక గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. సంకర జాతి పొట్టి ఆవులు కూడా ఇదే పేరుతో అమ్ముడవుతున్నాయి. లక్షలు పోసే కొనుగోలుదారుకు కావాల్సింది ఇది అసలుదేనని చెప్పే నమ్మకమైన పత్రం. వంశావళి నమోదు, జన్యు పరీక్ష ఫీజు తీసుకుని చేయగల విజ్ఞానం విశ్వవిద్యాలయాలకుంది. అది పుంగనూరు, పలమనేరు సంతల్లో దొరికే సేవగా మారితే జాతీ శుద్ధంగా ఉంటుంది, పెంచే రైతుకూ న్యాయమైన ధర వస్తుంది.

ఇక టమాటా ధరలు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో 200 రూపాయల దగ్గరికి పోయి, కొన్ని వారాల్లోనే పడిపోయింది. ధర పడినప్పుడల్లా ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ పెట్టండంటారు. 2018-19 కేంద్ర బడ్జెట్లో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు కూడా. చిక్కు కాయలోనే ఉంది. కూరకు పండించే హైబ్రిడ్లలో కరిగిన ఘనపదార్థం నాలుగైదు శాతమే. పేస్టుకు 28 శాతం దాకా కావాలి. అంటే కిలో పేస్టుకు ఆరు కిలోల పండ్లు, మిగతా నీరంతా ఆవిరి చేసే కరెంటు, కట్టెలు. ఇక ధర పెరిగిన నెలలో రైతు ఫ్యాక్టరీకి కాయ పంపడు, అది అతని తప్పూ కాదు.

ఈ చిక్కు విప్పడానికి వనరులు లేకపోలేదు. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ మొదలైంది, దాని శాఖ తిరుపతిలో ఉంది. చిన్న ఆహార వ్యాపారాలు పెట్టేవారికి 2020 నుంచి కేంద్ర పథకం 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ఇస్తోంది. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం మదనపల్లెకు దగ్గరలోనే ఉంది, మదనపల్లెలో ఇంజినీరింగ్ విద్యాసంస్థ ఉంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సీజను అయ్యాక ఖాళీగా ఉంటాయి. కండ ఎక్కువ, నీరు తక్కువ ఉండే ప్రాసెసింగ్ రకాలను యాభై మంది రైతుల చేలల్లో వేయించి, ముందే ధర రాసుకుని, ఒక గుజ్జు ఫ్యాక్టరీలో మార్పులు చేసి నడిపి చూడాలి. మొదటి రెండు సీజన్ల నష్టాన్ని రైతు మీదా, ఫ్యాక్టరీ మీదా వేయకుండా ప్రభుత్వం భరించాలి. చేలకూ ఫ్యాక్టరీకీ మధ్య తిరిగేందుకు ఇద్దరు వ్యవసాయ పట్టభద్రులను జీతం మీద పెట్టాలి.