పిల్లలకు రోడ్డు దాటడం నేర్పిస్తున్నారా? ముందు ఎడమ కాదు.. కుడివైపు చూడమనండి!

రోడ్డు దాటేటప్పుడు ముందు ఎటు చూడాలి? ఒకసారి మీ పిల్లల్ని అడిగి చూడండి. ఫోన్‌లో అమెరికా కార్టూన్ వీడియోలు చూసే పిల్లలైతే ‘ముందు ఎడమ, తర్వాత కుడి, మళ్లీ ఎడమ’ అని చెప్పే ఛాన్స్ ఉంది. ఆ పాఠం అక్కడికి కరెక్టే. మన రోడ్ల మీద మాత్రం అది రివర్స్!

ఎందుకీ తేడా?

అమెరికాలో వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. అందుకే అక్కడ రోడ్డు దాటేవారికి ముందుగా ఎడమవైపు నుంచి బండ్లు వస్తాయి. మన దేశంలో వాహనాలు ఎడమవైపు వెళ్తాయి కాబట్టి, రోడ్డు మీద అడుగు పెట్టగానే కుడివైపు నుంచి వచ్చే బండే మొదట ఎదురవుతుంది. అందుకే మన పిల్లలకు నేర్పాల్సిన వరుస.. కుడి, ఎడమ, మళ్లీ కుడి. సగం దాటాక ఎడమవైపు చూసుకోవాలి. వన్ వే అయినా రెండు వైపులా చూడాల్సిందే. రాంగ్ రూట్‌లో బైకులు ఎటు నుంచి వస్తాయో చెప్పలేం.

నోటితో చెబితే సరిపోదా?

సరిపోదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైక్ ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. బండి దూరంగా ఉందని పిల్లలకు కనిపిస్తుంది. కానీ ఎంత స్పీడుగా వస్తోందో అంచనా వేయడం వాళ్లకు కష్టం. 2017లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీ పరిశోధకులు 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చేత సిమ్యులేటర్‌లో రోడ్డు దాటించి చూశారు. పెద్దవాళ్లలా సేఫ్‌గా దాటగలిగింది 14 ఏళ్ల వాళ్లే. అంటే ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు రూల్ కంఠతా వచ్చినా, రద్దీ రోడ్డు మీద ఒంటరిగా వదలకూడదు. చేయి పట్టుకునే దాటించాలి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 32 వేల మందికి పైగా పాదచారులు చనిపోయారు.

స్కూల్ దారిలో ఇలా నేర్పండి

* రోడ్డు అంచుకు రాగానే ఆగడం అలవాటు చేయండి. బాల్ రోడ్డు మీదకు పోయినా సరే, ముందు ఆగాలి.

* ఆటో లేదా బస్సు దిగగానే దాని ముందు నుంచో, వెనక నుంచో పరుగెత్తొద్దు. అది వెళ్లిపోయి, రోడ్డు రెండు వైపులా కనిపించాకే దాటాలి.

* ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి దాటొద్దు. పొట్టిగా ఉన్న పిల్లలు డ్రైవర్‌కు కనిపించరు.

* ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడివైపు నడవాలి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపిస్తాయి. పిల్లల్ని ట్రాఫిక్‌కు దూరంగా లోపలివైపు ఉంచండి.

* దాటే ముందు ‘ఇప్పుడు వెళ్లొచ్చా? ఎందుకు?’ అని అడగండి. జవాబు వాళ్లే చెప్పాలి. అప్పుడే చూడటం, ఆలోచించడం అలవాటవుతుంది.

పెద్దలూ.. ఈ రెండూ చేయొద్దు

స్కూల్ వదిలే టైంలో రోడ్డుకు అవతల నిలబడి పిల్లల్ని పిలవొద్దు. అమ్మానాన్న కనిపిస్తే పిల్లల చూపు బండ్ల మీద ఉండదు, పరుగెత్తుకొచ్చేస్తారు. గేటు దగ్గరికి మీరే వెళ్లండి. రెండోది.. పిల్లల్ని వెంటబెట్టుకుని డివైడర్ దూకొద్దు, ఫోన్ మాట్లాడుతూ దాటొద్దు. మీరు ఎలా దాటితే, రేపు వాళ్లూ అలాగే దాటుతారు.