రాళ్లు ఆమెకు, కష్టం ఆయనకు

మన పడమటి ప్రకాశంలో ఏ జబ్బొచ్చినా అనుమానం ముందు నీళ్ల మీదికే పోతుంది. పోదా మరి! ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టినవాళ్లను, నడుం వంగిపోయినవాళ్లను కళ్లారా చూసినవాళ్లం. కానీ నాయనా, పిత్తాశయంలో రాళ్లకు మాత్రం ఆ ఫ్లోరైడ్ కారణం కాదు. కాలేయం కింద ఉండే బెత్తెడు సంచే ఈ పిత్తాశయం. కాలేయంలో ఊరిన పైత్యరసాన్ని అది దాచి, చిక్కబరచి, మనం నూనె వంటకాలు తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. ఆ రసంలో కొలెస్టరాల్ కరగలేనంతగా పెరిగితే పలుకు కడుతుంది, పలుకు పెరిగి రాయవుతుంది.

నడివయసు దాకా ఈ రాళ్లు మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈస్ట్రోజన్ హార్మోను పైత్యరసంలోకి కొలెస్టరాల్‌ను ఎక్కువగా పంపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ప్రొజెస్టరాన్ పెరిగి సంచి మందగిస్తుంది, రసం నిలవ పడిపోతుంది.

విచిత్రమేమిటంటే రాళ్లు ఎక్కువ ఆడవాళ్లకైతే, ఆపరేషన్ కష్టమయ్యేది మగవాళ్లకు.

పిత్తాశయాన్ని చిన్న గాట్లతో తీసేసే ఈ ఆపరేషన్‌ను 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదటిసారి చేశాడు. 1987లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫిలిప్ మూరే ఒకామెకు స్త్రీల వ్యాధికి గొట్టం వేసి చూస్తూ, అదే గొట్టంతో పిత్తాశయాన్నీ తీసేశాడు. మన దేశంలో 1990లో బొంబాయిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. అంతకుముందే మన ఆడవాళ్లకు ఆ గొట్టం తెలుసు, కుటుంబ నియంత్రణ శిబిరాల్లో వాడింది అలాంటిదే.

కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, బొడ్డు దగ్గర కెమెరా పంపి, సంచి మెడ దగ్గరి చిన్న నాళాన్ని, రక్తనాళాన్ని విడదీసి చూస్తారు. ఆ రెండూ స్పష్టంగా కనపడ్డాకే క్లిప్పులు వేసి కోయాలి. పక్కనే ఉన్న పెద్ద పైత్యనాళం తెగితే పెద్ద ప్రమాదం. మాటిమాటికీ వాచి మానిన సంచి కాలేయానికి కరుచుకుపోతుంది. పండిన చింతకాయ పెంకు గలగలా ఊడివస్తుంది, పచ్చికాయ పెంకు గుజ్జుతో సహా వస్తుంది చూడండి, ఆ తేడాయే ఇక్కడా. అలాంటప్పుడు ఒక్కోసారి డాక్టరు కెమెరా పక్కనబెట్టి పొట్ట కోసి చేస్తారు. ఇలా మార్చాల్సి రావడం మగవాళ్లలో ఎక్కువని, ఆపరేషన్‌కు పట్టే సమయమూ ఎక్కువని చాలా అధ్యయనాలు చూపాయి.

ఎందుకంటారా? ఒక కారణం నాకు బాగా తెలుసు, మన ఇళ్లలో రోజూ కనపడేదే. కుడి డొక్కలో నొప్పి లేచి వీపుకు పాకితే, మగవాడు గ్యాస్ అనుకుని ఒక మాత్ర మింగి పనికి పోతాడు. గిద్దలూరు నుంచి నంద్యాలో, మార్కాపురం నుంచి ఒంగోలో పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది కదా అనుకుంటాడు. ఆడవాళ్లకు కాన్పుల సమయంలో స్కానింగులు జరుగుతాయి కనుక కొందరికైనా రాళ్లు ముందే బయటపడతాయి. అయితే ఆలస్యమొక్కటే కాదు. వయసు, వాపు లెక్కలోకి తీసుకున్నా కొన్ని అధ్యయనాల్లో తేడా మిగిలింది. మగవాళ్లకు కడుపు లోపలి కొవ్వు ఎక్కువ కావడమూ ఒక కారణమై ఉండొచ్చు.

ఆడవాళ్లకూ ఒక ఇబ్బంది ఉంది. మత్తు దిగాక వికారం, వాంతులు వాళ్లకే ఎక్కువ. ఆ మాట ముందే డాక్టరుతో చెబితే మందిస్తారు.

రాయి ఉన్నంత మాత్రాన అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పి లేనివాళ్లను ఊరకే గమనిస్తారు. నొప్పితో జ్వరమొచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం ఆ రోజే పోవాలి.

పొట్ట కోయాల్సి వస్తే ఆపరేషన్ చెడిందని డాక్టరు మీద పడకండి, అది ప్రాణం కోసం తీసుకున్న జాగ్రత్త. కాకపోతే చిన్న గాట్లతో అయినవాడు ఒకటి రెండు వారాల్లో తేలిక పనులకు పోగలడు. పొట్ట కోసినవాడు నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తకూడదు. పలకల గనిలో దినకూలీకి పోయేవాడికి ఆ తేడా దాదాపు నెల కూలి.