చలికాలమున వినోదపు పరుగు



మార్గశిర పుష్య మాసములలో మన హోసూరు సీమ యెట్లుండునో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రాగి కోతలు ముగిసి కళ్ళములలో కుప్పలు లేచియుండును. ఇంటింట అనపకాయలు ఒలిచి, పితికిన పప్పు చేసికొను దినములవి. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నుండుటచే మనకు చలి యెక్కువ. ప్రొద్దెక్కువఱకు మంచు విడువదు. గడచిన జనవరి మాసమున అట్టి యొక యుదయమున మన పట్టణమునందు 5 కిలోమీటర్ల వినోదపు పరుగు జరిగినది. అందు మన పాఠశాలనుండి 23 మంది విద్యార్థులును, ఇద్దఱు ఉపాధ్యాయులును, ఏబదియాఱేండ్ల నేనును పాల్గొంటిమి. అది యెట్టి పరుగు, దాని కెట్లు సిద్ధపడవలెను, అందు నేను చేసిన తప్పేమి యను విషయములను ఈ వ్యాసమున వివరింతును.

వినోదపు పరుగు పందెము కాదు. పందెమున ఒక్కడు గెలుచును, తక్కినవారందఱు ఓడుదురు. వినోదపు పరుగునందు గమ్యము చేరిన ప్రతివాడును గెలిచినట్లే. ఆంగ్లమున దీనిని ఫన్ రన్ అందురు. దూరము సాధారణముగా 3 మొదలు 10 కిలోమీటర్ల వఱకు నుండును. పరుగెత్తగలవారు పరుగెత్తుదురు, అలసినవారు నడతురు, మరల ఓపిక కలిగినచో పరుగెత్తుదురు. బాలురు, వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు కూడ ఒకే బాటను పోవుదురు.

ఇట్టి పరుగులు నిన్న మొన్న పుట్టినవి కావు. అమెరికాదేశమున బఫెలో నగరమునందు 1896వ సంవత్సరమున, నవంబరు మాసాంతమున వచ్చు కృతజ్ఞతా పర్వదినమునాడు, 8 కిలోమీటర్ల పరుగు మొదలై నేటికిని ఏటేట జరుగుచున్నది. ఆరంభమున అది కొలదిమంది పోటీ. నేడు వేలకొలది సామాన్యుల పండుగ. పరుగు ఆటగాండ్ర సొత్తు మాత్రమే కాదని నిరూపించినవారిలో న్యూజిలాండు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డు ముఖ్యుడు. ఆయన 1960 తరువాతి తొలి యేండ్లలో ఆక్లండు నగరమున నడివయస్సు దాటినవారిని, గుండెజబ్బునుండి కోలుకొన్నవారిని సైతము మెల్లమెల్లగా పరుగునకు అలవాటు చేసెను. అది కన్నులార చూచి వెళ్ళిన అమెరికా శిక్షకుడు బిల్ బోవర్మన్ 1967లో వెలువడిన ‘జాగింగు’ అను గ్రంథమునకు రచయితలలో నొకడయ్యెను. మన దేశమున 2004లో ఆరంభమైన ముంబై మారథానునందు, పూర్తి దూరమగు 42.195 కిలోమీటర్లు పరుగెత్తలేని సామాన్యులకొఱకు ‘డ్రీమ్ రన్’ అను చిన్న పరుగును కూడ చేర్చిరి. ఆ 2004లోనే అక్టోబరు 2వ తేదీన లండను నగరపు బుషీ పార్కునందు 13 మంది కలిసి పరుగెత్తిరి. వారమువారము జరుగు ‘పార్క్‌రన్’ అను 5 కిలోమీటర్ల పరుగునకు అదియే బీజము; నేడది అనేక దేశములకు వ్యాపించినది. అందొక చక్కని ఆచారము గలదు. దానిని చివర చెప్పెదను.

పరుగునకు చలికాలమే యేల తగినది? మన కండరములు వ్యయపఱచు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే కదలికగా మాఱును. మిగిలినది వేడియై వెలువడును. వేసవిలో ఆ వేడిని పోగొట్టుకొనుటకు శరీరము మిక్కిలి చెమటోడ్చవలెను. రక్తము కండరములకును చర్మమునకును రెండువైపుల పంచబడుటచే గుండెకు శ్రమ హెచ్చును. చలికాలమున చుట్టునున్న గాలియే ఆ వేడిని గ్రహించును గావున అదే దూరము తేలికగా తోచును.

అయినను చలిలో మూడు జాగ్రత్తలు వలయును. మొదటిది, చలికి చర్మముక్రింది రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. కావున పడకనుండి లేచినవారు లేచినట్లే పరుగెత్తరాదు. పది నిమిషములు వడిగా నడచి, కాళ్ళుచేతులు కదలించి, ఒడలు వెచ్చబఱచుకొనవలెను. రెండవది, చల్లని పొడిగాలి ఉబ్బసమున్నవారి శ్వాసనాళములను బిగియజేయును. వారు వైద్యుని సలహా పొంది, మందును దగ్గఱ నుంచుకొని రావలెను. మూడవది, చలికాలపు ఉదయమున నేలకు దగ్గఱి గాలి చల్లబడి, దానిపై వెచ్చని పొర మూతవలె నిలుచును. అప్పుడు పొగయు ధూళియు పైకి పోజాలవు. మంచుతోపాటు పొగవాసన తగులుచున్నచో ఆ దినమున అభ్యాసము మానుట మేలు.

సిద్ధపడుటకు ఆఱు వారములు చాలును. మొదటి వారమున దినము విడిచి దినము అరగంట నడువవలెను. పిమ్మట రెండు నిమిషముల నడకకు ఒక నిమిషము పరుగు చేర్చి, క్రమముగా పరుగును పెంచి నడకను తగ్గింపవలెను. వేగమెంత యుండవలె నని చాలమంది అడుగుదురు. దీనికి గడియారముకంటె మంచి కొలమానము నోరే. ప్రక్కవానితో పూర్తి వాక్యములు మాటలాడగలిగినచో వేగము సరియైనది. రెండు మాటలకే ఊపిరి తెగుచున్నచో తగ్గింపవలసినది. నలుబది దాటినవారు, మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యుని చూడవలెను. నేనును చూచితిని.

ఆహారవిషయమున గొప్ప ఏర్పాట్లు అక్కఱలేదు. 60 కిలోల బరువుగలవాడు ఒక కిలోమీటరు పరుగెత్తుటకు సుమారు 60 కిలోకేలరీలు చాలును. 5 కిలోమీటర్లకు 300. ముందురాత్రి మామూలు భోజనము, పరుగునకు గంటన్నర ముందు పలుచని రాగిగంజియో ఒక అరటిపండో సరిపోవును. కడుపునిండ తినరాదు, బొత్తిగా తినకయు రారాదు. చలిలో దప్పిక తోచకున్నను కొంచెము నీరు త్రాగవలెను. ఒక దళసరి దుస్తుకంటె రెండు పలుచనివి మేలు. వెచ్చబడిన పిదప పైది విప్పి నడుమునకు చుట్టుకొనవచ్చును. పాదరక్షలు క్రొత్తవి కానక్కఱలేదు, కాలికి అలవాటైనవి కావలెను. మంచి బూట్లు లేవని వెనుదీయువారికి నేను అబెబె బికిలాను గూర్చి చెప్పుదును. ఇథియోపియాదేశీయుడగు ఆయన 1960లో రోము ఒలింపిక్కులలో ఉత్తపాదములతో మారథాను గెలిచెను. అయితే చిన్ననాటినుండి అలవాటులేనివారు గాజుపెంకులు, కంకర గల మన వీధులలో ఆయనను అనుకరింపరాదు.

ఇక నా తప్పును గూర్చి. పై విషయములన్నియు అప్పటికే నాకు తెలియును, పిల్లలకును నేర్పితిని. అయినను పరుగునకు ముందునాడు ప్రార్థనాసమావేశమున వేఱొక మాట పలికితిని. మన పాఠశాలలో పిల్లల సంఖ్య కొన్నియేండ్లుగా తగ్గుచున్నది. తమిళము, ఆంగ్లము ఉండగా తెలుగు బడి యేల యని అడుగువారు ఊర గలరు. ఆ మాటలు నా మనస్సును తొలుచుచుండెను. అందుచే “రేపు మన తెలుగు బడి పేరు నిలబెట్టుట మీ కాళ్ళలో ఉన్నది” అని పిల్లలతో అంటిని. వారు చప్పట్లు కొట్టిరి. నేనును సంతోషించితిని.

మఱునా డుదయమున జనము తిరునాళ్ళవలె కూడిరి. నిర్వాహకులు తమిళమున పిలుచుచుండిరి. మా వెనుక కన్నడమువారి భజనబృంద మొకటి నిలిచెను. మన పిల్లలు తెలుగున తమ వరుస లెక్కించుకొనిరి. ఈల మ్రోగినది. మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు విల్లునుండి వెడలిన బాణమువలె ముందునకు దూకెను. మొదటి కిలోమీటరువఱకు అతడే ముందున్నాడని విని నేను ఉప్పొంగిపోయితిని.

మూడవ కిలోమీటరు దాటిన పిదప, నేను పరుగు మాని నడచుచుండగా, చింతచెట్టుక్రింద అతడు కూర్చుండి వాంతి చేసికొనుచు కనబడెను. ముఖము పాలిపోయి యుండెను. ఉదయము ఏమి తింటివని అడిగితిని. ఆత్రముచే ఏమియు తినలేదట. నీరిచ్చి, నా పైచొక్కా కప్పి, ఊపిరి కుదుటపడువఱకు ప్రక్కనే కూర్చుంటిని. కొంతసేపటికి అతడు ఏడ్వసాగెను. నొప్పియా యంటిని. “కాదు సార్. మీరు చెప్పినట్టే ముందు పోయినాను. బడి పేరు చెడగొట్టినాను సార్” అనెను.

ఆ బాలునికి జరిగినదేమి? మితిమీఱిన వేగమున పరుగెత్తునపుడు గుండెయు ఊపిరితిత్తులును అందించు ప్రాణవాయువు కండరముల యక్కఱకు చాలదు. అప్పుడు కండరములు ప్రాణవాయువుతో నిమిత్తములేని మార్గమున శక్తిని తీసికొనును. ఆ మార్గము త్వరితమే గాని కొలది నిమిషములకే అలసట ముంచుకొనివచ్చును. కడుపునకు పోవలసిన రక్తము కాళ్ళకు మరలుటచే వికారము పుట్టును. వడిగా పరుగెత్తి ఒక్కసారిగా నిలిచినచో రక్తము కాళ్ళలోనే నిలిచి తల తిరుగును. అందుచేతనే పరుగు ముగిసినను నాలుగైదు నిమిషములు నడువవలె నందురు. శరీరమున జరిగినది ఇది. దీనికి కారణము మాత్రము అతని కాళ్ళలో లేదు. నా మాటలో నున్నది. పెద్దలము మోయలేని బరువును పదునాలుగేండ్ల బాలుని నెత్తిన పెట్టితిని.

ఆ మాటనే అతనితో చెప్పితిని. “తప్పు నీది కాదు నాయనా, నాది” అంటిని. ఓపిక కలిగిన పిమ్మట ఇరువురము మెల్లగా నడచితిమి. మేము గమ్యము చేరుసరికి తోరణమును విప్పుచుండిరి; నీళ్ళబల్ల తీసివేసిరి. వచ్చితిరా యని అడుగువారు లేరు. మన పిల్లలు 22 మంది మాత్రము కదలక మాకొఱకు నిలిచియుండిరి. వారిలో మొదటివాడెవడో, ఏ స్థానమున వచ్చెనో అడుగవలెనని నాకు తోచలేదు.

పైన చెప్పెదనన్న ఆచార మిది. పార్క్‌రన్‌నందు స్వచ్ఛంద సేవకుడొకడు కావలెనని అందఱికంటె వెనుక నడచును. అతనిని దాటి వెనుక నెవ్వరు నుండరు గావున పాల్గొన్నవారిలో ఎవ్వడును చివరివాడు కాడు. చివర వచ్చువాడు వచ్చువఱకు గమ్యమున మనుష్యులుందురు. ఇంతకంటె సులభమైన ఏర్పాటు మఱొకటి లేదు. దీనికి ధనము అక్కఱలేదు, ఓపిక గల మనిషి యొకడు చాలును.

రానున్న జనవరి పరుగున ఆ చివరి నడక నాకిండని నిర్వాహకులను కోరితిని, వారంగీకరించిరి. కావున భయమేమియు లేక పేర్లు నమోదు చేసికొనుడు. గంజి త్రాగి రండు, మెల్లగా మొదలుపెట్టుడు, మాటలాడుచు పరుగెత్తుడు. అలసినవారు నడచుడు, మీ వెనుక నేనుందును. బడి పేరును గూర్చి చింతింపకుడు, అది పెద్దల పని. ఆ బాలుడిప్పుడు పదవ తరగతి చదువుచున్నాడు. ఈ యేడును వచ్చెదనని మొన్న తానే వచ్చి చెప్పినాడు.