మందు కొట్టాక నల్లి ఎందుకు పెరిగింది?

డిప్లొమా చదివి కూడా మొదటి ఏడాది మిరపలో నేను చేసిన తప్పు ఇది. ఆకు ముడుచుకుంటే తామర పురుగే అనుకుని సింథటిక్ పైరిత్రాయిడ్ రెండుసార్లు కొట్టా. ముడత ఇంకా ముదిరింది, అర ఎకరం పోయింది.

తామర పురుగైతే ఆకు పైకి ముడుస్తుంది. నల్లి అయితే కిందికి, తిరగేసిన పడవలా. నల్లి పురుగు కాదు, 8 కాళ్ల సాలీడు జాతి. ఆ మందుకి నల్లి చావలేదు. దాన్ని తినే అక్షింతల పురుగులు, మిత్ర నల్లులు చచ్చాయి. గులాబీలో ఎర్రనల్లిదీ ఇదే కథ.

ఇప్పుడు ముందు భూతద్దంతో ఆకు అడుగున చూస్తా. నల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొడతా. రెండు ముడతల తేడా వీడియోలో చూపించాను. ఏది వచ్చిందో తేల్చుకోకుండా పంపు భుజానికెత్తకండి.